నూర్జహాన్ అక్క మూడొందల లెన్సు

పొద్దున్నే బీడులో కూర్చుని కెమెరా సంచి జిప్పు లాగితే, మంచుకు తడిసిన జీన్సు గుడ్డ వాసన వస్తుంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ నీలిరంగు వాసన పోలేదు. రాయదుర్గంలో మేమిద్దరం పనిచేసిన జీన్సు యూనిట్లో మిగిలిన ముక్కలతో నూర్జహాన్ అక్క కుట్టిన సంచి అది. వాసన తగలగానే ఆమె గొంతు వినబడుతుంది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఇంతకుముందు ఉత్తరం కూడా రాసిందాన్ని కాదు. తప్పులుంటే సర్దుకోండి. ఆమె గురించి మాత్రం నేనే రాయాలి.

అక్క మా కుట్టు మిషన్ల లైనుకు పెద్ద. కుట్టిన ప్యాంట్లు ఒక్కొక్కటీ చూసి, బాగాలేనివి వెనక్కి పంపేది. నేను చేరిన మొదటి వారం నా కుట్లన్నీ వంకర పోయేవి. ఒకరోజు వచ్చి నా వెనక నిలబడింది.

"ఏం చూస్తాండావు మ్మే?"

"సూదినక్కా."

"సూది యాడికీ పోదులే, అది ఉన్నచోటే ఉంటాది. గుడ్డ పోయే దారి చూడు."

రెండు రోజుల్లో నా కుట్టు తిన్నగా వచ్చింది. పెళ్ళిళ్ళ కాలంలో అక్క సెలవు పెట్టి ఫోటోలు తీయడానికి పోయేది. ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫోటోగ్రాఫరును రానివ్వని ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ అక్క ఉండాల్సిందే. ఎంత మంచి ఫోటోలో! కానీ ఆమెను పంపేది ఒక స్టూడియో అతను. ఆల్బం మీద అతని స్టూడియో పేరే ఉండేది. అక్క పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఆదివారాలు నన్ను స్కూటర్ మీద ఊరి బయటికి తీసుకుపోయేది. వానలు లేక వేరుశనగ వేయడం మానేసిన బీళ్ళు అవి. చలికాలంలో అక్కడికి ఎక్కడినుంచో పిల్లిగద్దలు వస్తాయి. ఎండుగడ్డి మీద మోకాలెత్తులో ఎగురుతూ, ఉన్నట్టుండి పక్కకు తిరిగిపోతాయి. "పెండ్లికూతురన్నా ఒకసారి నిలబడి నవ్వుతాది. ఇది నిలబడదు, నవ్వదు. అందుకే నాకిష్టం" అనేది. ఆమె దగ్గర పాత మూడొందల లెన్సు ఉండేది. ఈ సంఖ్య ఎంత పెద్దదైతే దూరంగా ఉన్నది అంత దగ్గరగా కనిపిస్తుంది, చుట్టూ కనిపించేది అంత తగ్గిపోతుంది. మొదట్లో నేను తీసినవాటిలో అన్నీ తోకలే. "మళ్ళా సూదినే చూస్తాండావు" అని నవ్వేది. గద్ద పోయే దారిలో లెన్సును ముందుగా తిప్పడం రావడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

మూడో చలికాలం, పక్షుల మీద పుస్తకం వేసేవాళ్ళు బెంగళూరు నుంచి వచ్చారు. ఏటా చలికాలమంతా ఈ బీళ్ళలో ఫోటోలు తీయడానికి ఇక్కడి మనిషి కావాలంటే అక్క నన్ను చూపించింది. రెండు పొద్దులు సమయం ఇచ్చారు. రెక్కలు పూర్తిగా విప్పిన పిల్లిగద్ద ఫోటో ఒక్కటి తెస్తే ఆ పని నాదే. మిషను ముందు కూర్చుని కూర్చుని అప్పటికే నా నడుము పడిపోయి ఉంది. ఆ పని నాకు చాలా కావాలి. వాళ్ళు తమ ఆరొందల లెన్సు కూడా ఇస్తామన్నారు. చంటిబిడ్డంత బరువు.

"ఏది పెడతావు?" అని అడిగింది అక్క.

"పెద్దదే అక్కా. గద్ద దగ్గరికొస్తాది కదా."

ఆమె తన మూడొందల లెన్సు తీసి సంచిలో పెట్టేసింది. ఆ పొద్దు గద్ద నిజంగానే దగ్గరికి వచ్చింది. దాని పచ్చటి కన్ను చూశాను. మరుక్షణం ఒట్టి ఆకాశం. వెతికేలోపల అది తిరిగిపోయేది. బరువుకు లెన్సు కిందికి జారిపోయేది. చివరికి చూస్తే ఒకదాంట్లో సగం రెక్క, ఒకదాంట్లో తోక, మిగిలినవన్నీ గడ్డి. నాకు ఏడుపొచ్చింది.

"ముందే చెప్పింటే ఏం పోతాండె అక్కా?"

"చెప్తే వింటాంటివా? ఒకప్పుడు నేనూ అట్లే పెద్దదాని మీద పడినాను." ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. "ప్యాంటు గుడ్డ కొలతకు సరిగ్గా కోస్తామా మ్మే?"

"లేదు. కుట్టుకని కొంచెం ఎక్కువ వదుల్తాం."

"ఎందుకు?"

"ఎక్కువుంటే తర్వాత కోసుకోవచ్చు. తక్కువైతే యాడ తెస్తాం?"

"మరి గద్ద చుట్టూ రెండు వేళ్ళ ఆకాశం వదలకుంటే, రెక్క యాడ తెస్తావు?"

మర్నాడు నేను మూడొందలే పెట్టాను. వచ్చినవాళ్ళలో ఒకాయన చూసి నవ్వాడు. "దాంతో పెళ్ళిళ్ళు తీస్తారమ్మా, గద్దల్ని కాదు."

"గద్దకు పెండ్లే అనుకోండి సార్. ఆడోళ్ళ వైపు ఫోటోలు మావి" అంది అక్క.

ఎడమవైపు నుంచి గద్ద వచ్చింది. దాన్ని కాదు, దాని దారిని చూశాను. రేగుపొద దగ్గర అది గిరుక్కున తిరిగింది. లెన్సులో చుట్టూ చోటుంది కాబట్టి తప్పిపోలేదు, నేనూ దాంతోపాటే తిరిగాను. కెమెరాలో చిన్నగా కనబడింది. వాళ్ళ కంప్యూటర్లో పెద్దది చేస్తే రెక్కల కొసలు రెండూ ఉన్నాయి. కాళ్ళ మధ్య పట్టుకున్న ఎలుక తోక కూడా ఉంది. నవ్విన ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు. తర్వాత, "ఆ లెన్సు ఒకసారి చూడనిస్తారా?" అని అక్కను అడిగాడు.

ఫోటో కింద ఎవరి పేరు వేయాలని అడిగితే, "నూర్జహాన్ అని వేయండి" అన్నాను. అక్కకు అంత కోపం రావడం ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నేండ్లు నేను తీసినవాటికి ఇంకొకరి పేరు పడె. ఇప్పుడు నువ్వు తీసినదానికి నా పేరా? నన్నూ ఆ స్టూడియోవాణ్ణి చేస్తావా మ్మే?" అని, వాళ్ళ వైపు తిరిగింది. "మారెక్క. పెద్ద అక్షరాల్లో వేయండి సార్."

పుస్తకం వచ్చిన రోజు దాన్ని యూనిట్‌కు తీసుకుపోయి, అన్నాల వేళ మిషను మిషను దగ్గరా నిలబడి చూపించింది. పేరు కింద వేలు పెట్టి, "నా లైన్లో పిల్ల" అని చెప్పింది. నాకు సిగ్గేసింది. ఇప్పుడు తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

అక్క పోయి రెండేళ్ళయింది. చలికాలం పని ఇంకా నాదే. మూడొందల లెన్సు ఈ సంచిలోనే ఉంది. ఎగిరే పిట్టలకు ఏ లెన్సు కొనాలని ఎవరైనా అడిగితే, రెండు వేళ్ళు చూపించి మొదలుపెడతాను. ఆ రోజు ఫోటో నాది కాబట్టి అక్క తన పేరు వేయనివ్వలేదు. ఈ రాసింది కూడా నాదే. ఇందులో ఎవరి పేరుండాలో నేనే చెబుతాను.

నూర్జహాన్. పెద్ద అక్షరాల్లో వేయండి సార్.