నా బిడ్డ అడిగిన అరబ్బీ మాటలు

మా అమ్మాయి మిలిటరీలో చేరిన నాలుగో ఏట ఐక్యరాజ్యసమితి శాంతి సైన్యంతో ఆఫ్రికాకు వెళ్లింది. సూడాన్‌కూ దక్షిణ సూడాన్‌కూ మధ్య, మాదంటే మాదని ఇద్దరూ పట్టుబట్టే ఒక సరిహద్దు ప్రాంతం అది. ఆ సంగతి రాయచోటి దగ్గర మా ఊళ్లో అందరికీ చెప్పుకొని, కువైట్‌లో ఉన్న నాకు అందరికంటే ఆఖరున చెప్పింది. వద్దంటానని భయం.

"యుద్ధానికి కాదు నాయనా. యుద్ధం రాకుండా చూసేదానికి పోతాండాం. మా ఆడోళ్ల జట్టుకు అక్కడి ఆడోళ్లతో మాట్లాడే పని" అంది.

మాట్లాడే పనికి తుపాకీ ఎందుకని అడగబోయి ఊరుకున్నాను.

నేను దజీజ్‌లో ఒక గోదాములో వ్యాను డ్రైవర్‌ని. వారానికి మూడు రోజులు డ్రిప్పు పైపులు, ఎరువు బస్తాలు వేసుకొని వఫ్రా తోటలకు పోవాలి. నాతోపాటు స్టోరు చూసే సూడాన్ పెద్దాయన వస్తాడు. సరుకు అప్పజెప్పి సంతకం తీసుకోవడం ఆయన పని. మక్కా వెళ్లొచ్చిన మనిషి కాబట్టి గోదాములో అందరం హాజీ అంటాం. ఆయన అరబ్బీలో, నేను వచ్చీరాని హిందీ అరబ్బీ కలిపి మాట్లాడుకుంటాం. అప్పటికి ఏళ్లుగా పక్కపక్కన కూర్చొని ప్రయాణం చేస్తున్నా, మా మాటలు ఎండ గురించి, ట్రాఫిక్ గురించి, మేనేజరు కోపం గురించి తప్ప ముందుకు పోలేదు.

మొదటి నెలల్లో మా అమ్మాయి ఫోన్లు సంతోషంగానే ఉండేవి. వాళ్ల జట్టు ఊరూరా తిరిగి చెడిపోయిన బోరింగులు బాగుచేస్తోంది. వాషర్ ఎలా మార్చాలో, గొలుసుకు గ్రీజు ఎక్కడ పెట్టాలో ఆడవాళ్లకే నేర్పుతోంది. డాక్టరమ్మతో వైద్య శిబిరాలు పెడుతోంది. ఒక ఊళ్లో ఒకామె ఒక్కసారి చూసి బోరింగు మొత్తం విప్పి మళ్లీ బిగించేసిందట. "నాకంటే బాగా చేస్తాది నాయనా. నా చేతిలో స్పానర్ లాక్కుని నవ్వుతాది" అని చెప్పింది. ఆ వరసలోనే చెప్పింది, అక్కడివాళ్ల భాష వేరైనా సంతలో అరబ్బీ నడుస్తుందని, శిబిరానికి వచ్చే ఆడవాళ్లు సూది చూసినా, తుపాకీ చూసినా బిగుసుకుపోతున్నారని.

"నీకు అరబ్బీ వచ్చు గదా. భయపడొద్దు అని ఎట్ల చెప్తారు?"

ఫోన్ పట్టుకొని వెతుక్కున్నాను. యల్లా, షీల్, జీబ్, రూహ్, ఖలాస్. పద, ఎత్తు, తీసుకురా, పో, అయిపోయింది. పద్దెనిమిదేళ్లలో నాకు వచ్చిన అరబ్బీ అంతా పని చెప్పేదే. భయపడొద్దని నాతో ఎవరూ అనలేదు, నేనూ ఎవరితోనూ అనలేదు. రేపు చెప్తా పాపా అన్నాను, సిగ్గేసింది.

మర్నాడు వఫ్రా దారిలో హాజీని అడిగాను. ఎందుకు, ఎవరికి అని ఆయన అడిగితే మొత్తం చెప్పాల్సి వచ్చింది. మా అమ్మాయి ఎక్కడుందో విన్నాక నా ఫోన్ తీసుకొని, రికార్డు నొక్కమని, గొంతు సవరించుకొని చెప్పాడు. మా తఖాఫీ. భయపడొద్దమ్మా. బరాహా, బరాహా. మెల్లగా, మెల్లగా. అనా మఆకి. నీతోనే ఉన్నాను.

ఆ రికార్డు మా అమ్మాయి శిబిరంలో వినిపించిందట. ఎవరీ తాత అని ఆడవాళ్లు నవ్వారట. అప్పటినుంచి ప్రతి ట్రిప్పులో హాజీ నాలుగైదు మాటలు రికార్డు చేసేవాడు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, నీళ్లు కాచి తాగు. ఒకరోజు రికార్డు ఆపేశాక తన సంగతి చెప్పాడు. వాళ్ల దేశంలో యుద్ధం మొదలైన ఊళ్లోనే ఆయన చెల్లెలు, ఆమె పిల్లలు చిక్కుకుపోయారు. ఐదు నెలలుగా ఫోన్ కలవడం లేదు. వ్యాను నడుపుతూ ఉండిపోయాను.

వానలు పట్టుకున్నాక మా అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. దూరం ఊరికి పోతున్నాం, రెండు రోజులు ఫోన్ ఉండదు అని. రెండు రోజులు అయ్యాయి. మూడో రోజూ పోయింది. నాలుగో రోజు పొద్దున ఫోన్‌లో వార్త చూశాను. ఆ ప్రాంతంలో సాయుధులు ఊళ్ల మీద పడ్డారని, ఇళ్లు తగలబెట్టారని, శాంతి సైనికులకు కూడా దెబ్బలు తగిలాయని. ఎవరికి, ఎక్కడ అని లేదు. అదే వార్తను పదిసార్లు చదివాను, చదివితే ఇంకో వరస పుడుతుందన్నట్టు.

ఆ రోజు వఫ్రా ట్రిప్పు. దారిలో హాజీ నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. అల్లా చూసుకుంటాడు అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి విదిలించేశాను.

"మీవాళ్లు ఒకరినొకరు నరుక్కుంటుంటే మధ్యలో నా బిడ్డ ఎందుకు చావాలి?" అన్నాను.

ఆయన చెయ్యి తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తోట చేరాక, తన పని కాకపోయినా, ఎరువు బస్తాలు నాతో సమానంగా దింపాడు. తిరిగి వచ్చేటప్పుడు క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకున్నాను. అడగకుండానే గోదాము చేరాం.

మర్నాడు పొద్దున మా ఆవిడ ఫోన్ చేసింది. తనకూ వార్త తెలిసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నువ్వు కువైట్ పోయిన కొత్తల్లో మూడు నెలలు నీ కబురే రాల్య. పాపను చంకనేసుకొని రోజూ ఫోన్ బూత్ కాడికి పోయొస్తాంటి. నీకెప్పుడూ చెప్పల్య" అంది.

ఆ మూడు నెలలు నేను పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర, ఒళ్లు ఎడారిలో పెట్టుకొని, ఇంట్లోవాళ్లు బాగానే ఉంటారులే అనుకుంటూ గడిపినవాణ్ణి. ఆమె ఫోన్ పెట్టేశాక అన్నం తినబుద్ధి కాలేదు.

ఆరో రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఎవరో తలుపు తట్టారు. హాజీ. ఆయన నా రూముకు రావడం అదే మొదటిసారి. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతున్నాడు. కూర్చోకుండానే చెప్పాడు. ఆ ప్రాంతపు సంతలో ఉప్పు, ఉల్లిపాయలు అమ్మే వ్యాపారి ఒకడున్నాడు. ఆ వ్యాపారికి బంధువు ఒకాయన ఇక్కడే, కువైట్‌లోని సులైబియాలో మెకానిక్. అతన్ని పట్టుకొని, అతని ద్వారా ఇంకొకరిని పట్టుకొని, రెండు రోజులు తిరిగితే మాట అందింది.

"క్యాంపు నిలబడే ఉంది. ఊళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు లోపల ఉన్నారు. మీ దేశపు ఆడ సైనికులు వాళ్లకు నీళ్లు పోస్తున్నారు. ఆ వ్యాపారి కళ్లతో చూశాడు" అన్నాడు. "వాళ్లలో మీ అమ్మాయి ఉందో లేదో అతనికి తెలియదు. తెలియనిది నేను చెప్పను" అన్నాడు.

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. టీ పెట్టాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. నీ చోట నేనున్నా అదే అనేవాణ్ణి అన్నాడు. అదే దారిలో మీ చెల్లెలి గురించి ఎందుకు అడగలేదని అడిగాను.

"ఆ ఊరికి వ్యాపారులెవరూ పోవడం లేదు" అన్నాడు.

ఇంకో మూడు రోజులు గడిచాయి. ముక్కు మొహం తెలియని ఉల్లిపాయల వ్యాపారి మాట పట్టుకొని ఆ మూడు రోజులూ బతికాను. నీళ్లు పోస్తున్నవాళ్లలో నా బిడ్డ ఉందని ఒక గంట, లేదని ఒక గంట. రెండుసార్లు సిగ్నల్ దాటేసి పోయాను. హాజీ సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాడు.

తొమ్మిదో రోజు పనిలో ఉండగా ఫోన్ మోగింది. "నాయనా" అన్న మాట వినగానే ఫోన్ చెవికి నొక్కుకొని గోదాము బయటికి నడిచాను.

అన్నాళ్లూ క్యాంపు నుంచి ఇళ్లకు ఫోన్ చేయనివ్వలేదట. బోరింగు బాగుచేయడానికి వెళ్లిన ఊరి నుంచి తిరిగొస్తుంటే నీళ్లు దారిని కోసేశాయి. బండ్లు దిగబడ్డాయి. అప్పుడే వెనకనుంచి జనం పరుగెత్తుకొచ్చారు, అందరూ ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లను మధ్యలో పెట్టుకొని చుట్టూ కాపలాగా జట్టు మొత్తం క్యాంపుదాకా నడిచింది. వాళ్లలో నిండు చూలాలు ఒకామె ఉంది. మోకాటి లోతు నీళ్లలో ఆమె చెయ్యి పట్టుకొని నడిపించింది మా అమ్మాయే.

"మా తఖాఫీ, మా తఖాఫీ అంటానే ఉంటి నాయనా. ఆమెకు చెప్తాండానో, నాకే చెప్పుకుంటాండానో తెలీలేదు."

క్యాంపు ఆసుపత్రిలో ఆమెకు ఆడపిల్ల పుట్టిందట. తల్లీబిడ్డ బాగున్నారట. నేను సంతోషంగా ఏదో అంటుంటే, మా అమ్మాయి అడ్డొచ్చి, బోరింగు నేర్చుకున్న ఆమె మాత్రం వచ్చినవాళ్లలో లేదని చెప్పింది.

మా అమ్మాయి అక్కడ ఇంకో ఐదు నెలలు ఉంది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ మాట వినేముందు ఊపిరి వినేవాణ్ణి. గడువు ముగించుకొని ఆమె వచ్చే సమయానికి నేనూ సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. మనిషి చిక్కింది. అరచేతులు కాయలు కాశాయి. ఎక్కడ కూర్చున్నా గుమ్మం కనిపించేటట్టు కూర్చుంటోంది. వీధిలో ట్రాక్టరు సైలెన్సర్ పేలితే లేచి నిలబడి, మమ్మల్ని చూసి, మళ్లీ కూర్చుంది. ఆ బోరింగు ఆమె సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగాను. తెలీలేదంది.

"మళ్లీ పొమ్మంటే పోతావా?" అన్నాను.

"పోతా నాయనా."

మా ఆవిడ గిన్నె తీసుకొని లోపలికి పోయింది. నేను వద్దనలేకపోయాను. ఇంట్లో వద్దు వద్దంటున్నా ప్రతిసారీ విమానం ఎక్కినవాణ్ణి, ఆ మాట ఏ మొహంతో అనను?

కువైట్ తిరిగి వచ్చిన మొదటి రోజు వఫ్రా ట్రిప్పే పడింది. హాజీ వ్యాను ఎక్కి, అమ్మాయి ఎలా ఉంది, సరిగా తింటోందా అని అడిగాడు. తింటోందన్నాను. నేను తిరిగి అడగలేక స్టీరింగ్ పట్టుకొని ముందుకు చూస్తున్నాను. ఆయనే చెప్పాడు, చెల్లెలి సంగతి ఇంకా ఏమీ తెలియలేదని. ఆ తర్వాత పైపుల మీద కట్టిన తాడు వదులైందేమో చూడమన్నాడు. వ్యాను పక్కకు ఆపి, ఇద్దరం దిగి, తాడు మళ్లీ బిగించాం.