ఓబడయాకు పోస్టాఫీసు వచ్చిన వైనం

మా మరిది ఓబడయా స్ప్రేగ్ పీపాలు చేసేవాడు. ఆయన చేసిన పీపా ఒక్క బొట్టు కార్చిందని మా ఒహాయోలో ఎవడైనా అంటే వాడు అబద్ధాలకోరు. అలాంటి చేతులు వాతంతో కొంకర్లు పోయాయి. సుత్తి పట్టుకుంటే జారిపోయేది. కూర్చుని చేసే పని దొరక్కపోతే ఇక అన్న పంచన చేరడమే. అన్న అంటే నా మొగుడే. ఆ పంచ ఎంత ఇరుకో నాకు తెలుసు.

ఆ ఏడు మా విగ్ పార్టీ గెలిచింది. పార్టీ మారితే పోస్టుమాస్టరూ మారతాడు. మా ఊరి పార్టీ పెద్ద జడ్జి ఫిలో విట్‌కమ్ గారు ఏ పేరు పంపితే వాషింగ్టన్‌లో దానికే ముద్ర. ఓబడయా పార్టీ పుట్టినప్పటి నుంచీ జెండా మోసినవాడు. ఎన్నికల్లో ఊరేగించిన ఆపిల్ సారా పీపాలన్నీ ఆయన చేసినవే. తాను మాత్రం చర్చిలో ఒట్టు పెట్టుకుని చుక్క ముట్టనివాడు. ఉద్యోగం ఆయనదే అనుకున్నాం.

తంటా ఎక్కడ వచ్చిందంటే, ఎన్నికల ముందు ఎదుటి పక్షం డెమోక్రాట్లు కూడలిలో తమ జెండాకొయ్యగా హికరీ చెట్టు మాను నిలబెట్టసాగారు. ఎవరి మాను ఎత్తయితే వాళ్ళదే బలమని రెండు పక్షాలకూ పిచ్చి. సగం లేచాక తాడు జారింది. అటుగా పోతున్న ఓబడయా పరుగెత్తి భుజం అడ్డం పెట్టాడు. మాను నిలబడింది, చిటారున శత్రువుల జెండాతో సహా. అదే ఉద్యోగానికి కాచుకున్న థాడియస్ క్రమ్ అనే కొట్టువాడు ఆ సంగతి జడ్జిగారి చెవిలో ఊదాడు.

నేనే ఓబడయాను వెంటబెట్టుకుని జడ్జిగారింటికి వెళ్ళాను.

"ఏమయ్యా, శత్రువు మానుకు భుజమిస్తావా?"

"కింద జనం ఉన్నారండీ."

"ఏం జనం? డెమోక్రాట్లేగా!" తర్వాత ఆయన గొంతు తగ్గించారు. "సరే, శనివారం పార్టీ విందులో లేచి, ఆ రోజు తాగున్నాను, ఏం చేశానో తెలీలేదు అను. మనవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు."

"తాగలేదండీ."

"తాగావని ఎవరన్నారయ్యా? తాగానని అనమంటున్నా!"

దారిలో నేనూ పోరాను. "ఒక్క అబద్ధమేగా, అనెయ్యి."

"ఆ మాటంటే ఆదివారం చర్చిలో నా పేరు కొట్టేస్తారు వదినా."

"అనకపోతే సోమవారం నుంచి నా వంటింట్లో కూర్చుంటావు. ఏది నయమో చూసుకో."

"రెండూ భయంగానే ఉన్నాయి వదినా."

శనివారం మధ్యాహ్నం జడ్జిగారి కొట్టంలో విందు. పంది మాంసం, చిక్కుడు గింజలు అయ్యాక, తీపికి ఆపిల్ పైలు వచ్చేసరికి జడ్జిగారు బల్ల చరిచారు. ఓబడయా లేచాడు.

"నేను తాగలేదు. మాను పడుతుంటే పట్టుకున్నాను. రేపు మన మాను పడినా పట్టుకుంటాను. అంతే."

"విన్నారా! వాడు వాళ్ళ మనిషే!" అని థాడియస్ గెంతాడు.

"పడనివ్వాల్సిందయ్యా!" అన్నారు జడ్జిగారు. "నాలుగు డెమోక్రాటు బుర్రలు పగిలితే మనకే లాభం!"

కొట్టమంతా గొల్లున నవ్వింది. ఆడవాళ్ళ బల్ల చివర జడ్జిగారి తల్లి, ఎనభై దాటిన మెహిటబుల్ అమ్మ, చెంచా కింద పెట్టింది.

"ఫిలో, అందులో ఒక బుర్ర నాదిరా."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"నువ్వక్కడికెందుకెళ్ళావమ్మా?"

"వాళ్ళు అల్లం రొట్టె పంచారు. మీరు పంచేది సారాయేగా. నాకు ఓటు లేదు గానీ ఆకలుందిగా."

"అమ్మగారు పొరబడుతున్నారు..." అంటూ థాడియస్ నసిగాడు.

"నువ్వు నోర్మూసుకో. నువ్వూ నా పక్కనే నిలబడి రొట్టె నమిలావు. తాడు జారగానే నన్ను తోసుకుని పారిపోయావు."

ఈసారి కొట్టం జడ్జిగారిని చూసి నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"సరేలేమ్మా, రేపు పంపుతాను ఓబడయా పేరు."

"రేపు ఆదివారం. ఇప్పుడే రాయి, నేను చూస్తుంటా."

పళ్ళేలు పక్కకు జరిపి, కలం తెప్పించి ఆయన రాశారు. థాడియస్ తన టోపీ వెతుక్కున్నాడు.

మళ్ళీ పార్టీ మారేదాకా పోస్టాఫీసు ఓబడయాదే. ఆ చేతులతో ఉత్తరాలు మెల్లగా తీసిచ్చేవాడు. తొందరపెట్టిన వాళ్ళకు ఇంకా మెల్లగా.