నాన్న పోలికున్న రెండు రూపాయల బిళ్ళ

మా ఇంట్లో నాన్న ఫొటో లేదు. ఉన్న ఒక్క పెళ్ళి ఫొటో పెంకుల సందుల్లోంచి వాన కారి, అద్దానికి అతుక్కుపోయి పాడైంది. పత్తి చేలో పాము కరిచి ఆయన పోయేనాటికి నాకు ఊహ తెలియదు. ఎలా ఉండేవాడో చెప్పడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. అడిగితే "బాగుండేవాడు" అనేది. అదేం చెప్పడం!

తొంభైల చివర్లో, నేను హైస్కూల్లో ఉండగా, మిరప కల్లంలో తాలుకాయలు ఏరి వచ్చిన అమ్మ, మండే చేతులు కూడా కడుక్కోకుండా నన్ను గుమ్మంలోకి పిలిచింది. కూలి డబ్బుల్లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ చూపించింది. దాని మీద బట్టతల పెద్దమనిషి బొమ్మ ఉంది.

"ఇదిగోనే, మీ నాన్న అచ్చం ఇట్టాగే ఉండేవాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన సంస్థానాలన్నిటినీ దేశంలో కలిపిన నాయకుడనీ, మా సోషల్ పుస్తకంలో ఉన్నాడనీ చెప్పాను. ఎవరైతే నాకేం, పోలిక పోలికే అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

బిళ్ళ దేవుడి గూట్లోకి చేరింది. మహాలయ అమావాస్యకు అందరూ పోయిన పెద్దల ఫొటోల ముందు కొత్త బట్టలు పెడితే, మా అమ్మ చెంబుకు ఆనించిన ఆ బిళ్ళ ముందు పంచె, కండువా పెట్టేది. ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు గానీ, అమ్మ లేనప్పుడు నేనూ దాన్ని తీసి చూసేదాన్ని. నా ముక్కు అలాగే ఉందేమోనని అద్దం ముందు నిలబడేదాన్ని. నాకూ నాన్న కావాలిగా మరి.

అమ్మ చేసిన పొరపాటల్లా ఒకటే. బొట్టు పెట్టిన ఆ బిళ్ళను దీపపు కుందులతో కలిపి ప్రతి గురువారం చింతపండు, ఇటుక పొడి వేసి తోమేది. దేవుడి సామాను తళతళలాడాలని ఆవిడ పట్టుదల. ఏళ్ళు గడిచేసరికి ముక్కు పోయింది, కళ్ళు పోయాయి, నున్నటి ఉబ్బొకటి మిగిలింది. అయినా అమ్మకు అందులో ఆయన కనపడుతూనే ఉండేవాడు.

అప్పటికి నేను పొన్నూరులో బట్టల కొట్లో పనిచేస్తున్నాను. ఒకరోజు గల్లాలో అదే బొమ్మతో, కొత్తదానిలా మెరిసే బిళ్ళ దొరికింది. నా డబ్బులు వేసి దాన్ని తీసుకున్నాను. అమ్మ ఎంత సంబరపడుతుందోనని బస్సులో నా సంతోషం పట్టతరం కాలేదు. అమావాస్య పొద్దున పాత బిళ్ళ పక్కన దాన్ని పెట్టి అమ్మను పిలిచాను.

కొంగుతో తుడిచి, వెలుగుకు పట్టి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఈయనెవరే?"

అదే బొమ్మ, నువ్వు నాన్నలా ఉన్నాడన్నది ఈయన్నే అని చెప్పాను. కాదంది. కళ్ళు ఇట్టా ఉండేవి కావంది. మరెలా ఉండేవని కాస్త గట్టిగానే అడిగాను. చెప్పబోయి ఆగిపోయింది. అరిగిన బిళ్ళ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రాస్తూ చాలాసేపు చూసింది. ఆవిడ ముఖం చూస్తుంటే నాకు భయం వేసింది.

"గుర్తు రావట్లేదే అమ్మాయ్. మీ నాన్న ముఖం నాకు గుర్తు రావట్లేదు."

ఆవిణ్ణి పట్టుకుని భోరున ఏడ్చాను. ఆయన కోసం నేను ఏడవడం అదే మొదలు. నాకు నాన్న పోయింది ఆ పొద్దునే.