కర్ర పెట్టిన తావు

యల్లయ్యకు చదువు రాదు, సంతకం రాదు, గడియారం చూడటం రాదు. వచ్చిందల్లా ఒకటే: పొద్దు వాలేలోగా నాలుగొందల జీవాలకు తావు చూడటం. బేస్తవారిపేట చుట్టుపక్కల గొర్రెలున్నవాళ్లు ఎవరిని అడిగినా ఆ మాట చెప్పేవాళ్లు. ముప్ఫై ఏళ్లలో ఒక్కనాడు కూడా ఆయన మందకు రోడ్డు మీద తెల్లవారలేదు.

ఆ పనికో పద్ధతి ఉంది. కంభం చెరువు కింద వరికోతలు కాగానే మందలు కదులుతాయి. మంద వెనకాల వస్తుంటే ఒక మనిషి ఒక పూట ముందు నడుస్తాడు. కోసిన చేను చూసి, నీళ్లు చూసి, రైతుతో మాట్లాడి, ఆకూ వక్కా చేతిలో పెడతాడు. రైతు ఇంట్లోకి పోయి తన ఆకూ వక్కా తెచ్చి తిరిగి ఇస్తే మాట ముడిపడినట్టు. అప్పుడు ఆ ముందు మనిషి తన కర్రను చేని గట్టున పాతి వస్తాడు. ఆ కర్ర కనబడితే ఇంకో మంద ఆ చేలో దిగదు. రాత్రంతా జీవాలు పడుకుంటే చేనుకు ఎరువు కాబట్టి, రైతే కాపర్లకు అన్నం పెట్టి, గింజలు కొలిచి సాగనంపుతాడు. పడుకున్నందుకు ఎదురిచ్చే లోకంలో పుట్టి పెరిగాడు యల్లయ్య. అట్లాంటివాడిని పట్నానికి తావు చూడమని పంపారు చూడండి, అదీ మనవాళ్ల తెలివి.

రాష్ట్రం పెద్దదై, హైదరాబాదు రాజధాని అయిన రెండో ఏడు అది. బ్లాకు ఆఫీసు నుంచి కృపాకర్ అనే గ్రామసేవక్ వచ్చి పల్లెలో యువజన సంఘం పెట్టాడు. మంచివాడే, కాకపోతే పాతికేళ్ల తొందర. పట్నంలో ఎగ్జిబిషన్ జరుగుతోందనీ, మేడంత ఎత్తు రంగులరాట్నం తిరుగుతుందనీ, మనుషులెక్కే బొమ్మ రైలు ఉందనీ, బావి లోపలి గోడ మీద మోటారు సైకిలు నడిపే మొనగాడున్నాడనీ చెప్పి కుర్రకారును ఊరించాడు. నలభై రెండు మంది పేర్లిచ్చారు. అందులో పదకొండుమంది ఆడపిల్లలు. రైలుకు సగం టిక్కెట్టు కాగితం సంపాదించాడు గానీ, రెండు రాత్రులు ఎక్కడ పడుకోవాలన్న దగ్గర బండి ఆగిపోయింది. లాడ్జీల వాళ్లు చెప్పిన రేటుకు ఊళ్లో గొర్రెలన్నీ అమ్మినా చాలదు. సత్రాలకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు.

బడి వసారాలో మీటింగు పెట్టి అందరూ తలలు పట్టుకుంటే, ఎవరో నవ్వులాటకు అన్నారు.

"నాలుగొందల జీవాలకు దినామూ తావు చూసే యల్లయ్య మామకు నలభై మంది పిల్లోళ్లు ఒక లెక్కనా?"

అందరూ నవ్వారు. యల్లయ్యా నవ్వాడు. ఆ నవ్వే మెడకు చుట్టుకుంది. "మామ కండ్లారా చూసొచ్చి, ఇది తావు అంటే మా పిల్లను పంపుతా" అని ఒక తల్లి అన్నది. ఆ వెంటనే ఇంకో తల్లి అన్నది. నవ్వు ఆగేసరికి పని ఆయన నెత్తిన పడింది.

కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. ఆ పదకొండుమందిలో ఆయన కూతురు సుబ్బులు ఉంది. కంభం హైస్కూల్లో పెద్ద పరీక్ష పాసై ఇంట్లో కూచుంది. కర్నూల్లో పంతులమ్మ ట్రైనింగు, హాస్టల్లో ఉండి చదవాలి. తల్లి రమణమ్మ ససేమిరా అంది. ఆమె తమ్ముడు మల్లయ్య, పిల్లను తన కొడుక్కు చేసుకుంటానని గడపలోనే కాచుకుని ఉన్నాడు. సుబ్బులు రెండు రోజులు అన్నం మానేస్తే రమణమ్మ ఒక మెట్టు దిగింది.

"ముందు పట్నంలో రెండు దినాలుండి రానీ. యాడ పడుకునిందో, ఎట్ల పడుకునిందో అడుగుతా. అది బాగుంటే హాస్టలు మాట మాట్లాడదాం."

అంటే పిల్ల చదువంతా ఇప్పుడు రెండు రాత్రుల పడక మీద నిలబడింది.

యల్లయ్య మందను తమ్ముడికి అప్పజెప్పి, కర్ర భుజాన వేసుకుని, కంభంలో రైలెక్కి, ద్రోణాచలంలో మారి, కాచిగూడలో దిగాడు. రెండు రోజులు తిరిగాడు. ఎక్కడికి పోయినా తలకింత అని చెప్పేవాళ్లే. ఒకడు మంచానికింత, దీపానికింత, బకెట్టు నీళ్లకింత అని విడివిడిగా చెప్పాడు. నేల మీద ఒళ్లు వాల్చినందుకు డబ్బు అడిగేవాణ్ణి యల్లయ్య పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆయనకు కోపం కూడా రాలేదు. ఈ ఊరివాళ్లకు ఏమైందో అని జాలేసింది.

మూడో రోజు పొద్దున స్టేషను వెనక వీధిలో ఒక సత్రం కనబడింది. ఎత్తైన ప్రహరీ, మధ్యలో గిలక బావి, పొడుగాటి హాలు, పక్కన తలుపులున్న రెండు గదులు. చేను చూసినట్టే చూశాడు. గోడ చుట్టూ నడిచాడు. బావి నీళ్లు నోట్లో పోసుకుని రుచి చూశాడు. మెట్ల మీద తెల్ల పంచె కట్టుకున్న మనిషి ఒకాయన తాళంచెవుల గుత్తి పట్టుకుని కూచుని ఉన్నాడు. యల్లయ్య సంగతంతా చెప్పి ఆకూ వక్కా చేతిలో పెట్టాడు.

"హాలు ఖాళీగానే పడి ఉంది కదా, రమ్మనండి" అన్నాడాయన, ఆకులు నోట్లో పెట్టుకుంటూ.

ఇంకేముంది. యల్లయ్య తన కర్రను ప్రహరీ మూలన ఆనించి, వట్టి చేతులతో, తేలిక గుండెతో ఇంటికి వచ్చాడు.

బడి దగ్గర కృపాకర్ ఎదురొచ్చాడు. "ఆయన పేరేమిటి పెద్దాయనా? కాగితం ఏమైనా రాసిచ్చాడా?"

"కర్ర పెట్టొచ్చినా సారూ."

కృపాకర్ ముఖం పాలిపోయింది. అక్కడున్న తల్లుల ముఖాలు మాత్రం విప్పారాయి. యల్లయ్య కర్ర అక్కడుందంటే పిల్లలు అక్కడ పడుకున్నట్టే లెక్క. కృపాకర్ వదల్లేదు. "మీరు ఆకిచ్చారు, సరే. తర్వాత ఆయనేం చేశాడు?"

"ఏం చేస్తాడు సారూ, ఆకు నోట్లో పెట్టుకుని..." అని యల్లయ్య ఆగిపోయాడు.

ఆకు నోట్లో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని! తిరుగాకు చేతిలో పడందే కర్ర పాతకూడదని తానే పదిమందికి నేర్పాడు. పట్నం మనిషి మర్యాదగా మాట్లాడితే కరిగిపోయి ఆ సంగతే మరిచాడు. అసలు ఆ మనిషి సత్రం యజమానో కాదో కూడా అడగలేదు. "రమ్మన్నాడు సారూ" అని మాత్రం పైకి అన్నాడు.

ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ యల్లయ్య కుడితిలో పడ్డ ఎలుక. తావు ఖాయం కాదని చెబితే ఆడపిల్లల పేర్లు అప్పటికప్పుడే కొట్టేస్తారు. సుబ్బులు మెడలో నెల తిరగకుండా మల్లయ్య కొడుకు తాళి కడతాడు. చెప్పకపోతే నలభై రెండు మంది ఊరుగాని ఊళ్లో రోడ్డున పడతారు. మళ్లీ పట్నం పోయి చూసి వద్దామంటే ఎందుకని రమణమ్మ అడుగుతుంది. ఎవరు ఎదురుపడినా తావు మాటే. "మామా, ఆడ తలుపులకు గడియలున్నాయా?" "యల్లయ్యా, ఆడ చీకట్లో బయటికి పోవాలంటే ఎట్ల?" ఉన్నాయి, బాగుంది, భయం లేదు అని చెబుతూ పోయాడు. చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆ నిజాలన్నీ కలిసి ఒక పెద్ద అబద్ధమయ్యాయి. అది ఆయనకు తెలుసు, తెలిసి సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

రైల్లో పిల్లలు పాటలు, కేరింతలు. నల్లమల సొరంగంలో బండి దూరినప్పుడు అందరూ ఒక్కసారి అరిచారు. యల్లయ్యకు మాత్రం ఆ చీకటి బయటికొచ్చినా తీరలేదు. సుబ్బులు వచ్చి పక్కన కూచుంది.

"నాయనా, బావికి గిలక ఉందా, చేంతాడు కొనాల్నా?"

"ఉంది తల్లీ, గిలక ఉంది." ఆ ఒక్కటీ అచ్చంగా తనకు తెలిసిన నిజం కాబట్టి ఇంకోసారి చెప్పాడు. "మంచి గిలక. ఇనపది."

సుబ్బులు ఆయన ముఖంలోకి కాసేపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ సత్రం గేటు ముందు మూటలు దించారు. యల్లయ్య ఒక్కడే లోపలికి పోయాడు. ఆవరణంతా పెళ్లగించిన గచ్చు ముక్కలు, ఇటుకల కుప్పలు. హాలు గోడలకు సగం వరకే వెల్ల ఉంది. తన కర్ర మూలన లేదు. సున్నం తొట్టిలో నిలబడి ఉంది. సున్నం కలపడానికి ఎవరో దాన్ని వాడుకున్నారు. నడిమి దాకా తెల్లగా అయిపోయింది.

సత్రం మేనేజరు ప్రభాకరరావు లోపలినుంచి విసురుగా వచ్చాడు. "ఎవరయ్యా మీరంతా?"

యల్లయ్య చెప్పాడు. ఆయన తల కొట్టుకున్నాడు.

"నువ్వు చెప్పేవాడు మా మేస్త్రీ. పని కోసం వాడికి తాళాలిచ్చాను. పని సగంలో వదిలేసి నాలుగు రోజుల కిందట కూలీలతో సహా ఉడాయించాడు. ఎల్లుండి ధర్మకర్తలొస్తున్నారు. నా ఏడుపు నాకుంది. వెళ్లండయ్యా, వెళ్లండి."

యల్లయ్య వెనక్కి తిరిగాడు. గేటులో నలభై రెండు ముఖాలు. ముందుకు పోవడానికి తావు లేదు, వెనక్కి పోవడానికి దావ లేదు. ఇక దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి నోరు దానంతటదే తెరుచుకుంది.

"తావు లేదు నాయనా. ఆ మనిషి నాకు ఆకు తిరిగియ్యలా. ఆ సంగతి నాకు పల్లెలో ఉన్నప్పుడే తెలిసింది. తెలిసీ చెప్పకుండా మిమ్మల్ని తోలుకొచ్చినా. తప్పు నాది."

కృపాకర్ ఒక మూట మీద కూలబడ్డాడు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. సుబ్బులు వాళ్లందర్నీ దాటుకుని తొట్టి దగ్గరికి పోయి, కర్రను పైకి లాగి, తండ్రి చేతికిచ్చింది. తర్వాత ఆవరణంతా ఒకసారి కలియజూసి మేనేజరు వైపు తిరిగింది.

"అయ్యా, ఈ రాళ్లన్నీ ఎత్తేసి, హాలు కడిగి, మిగిలిన గోడలకు సున్నం కొడితే మమ్మల్ని రెండు రాత్రులు ఉండనిస్తారా?"

"మీరా?"

"అందరమూ చేన్లలో పనిచేసేటోళ్లమే. మా వైపు మంద పడుకుంటే చేనుకు బలం. మేమూ ఉత్తగా పడుకోం."

ప్రభాకరరావు నలభై రెండు జతల చేతులకేసి చూశాడు. ఎల్లుండి వచ్చే ధర్మకర్తలు గుర్తొచ్చి ఉంటారు. సరేనన్నాడు. అప్పుడు యల్లయ్య ఆకూ వక్కా తీసి ఆయనకిచ్చి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేమిటయ్యా?"

"మీరూ ఆకు ఇయ్యాల అయ్యా. అంతదాకా మా పిల్లోళ్లు మూటలు ఎత్తరు."

మేనేజరు ఏదో గొణుక్కుంటూ వీధి చివర దుకాణం నుంచి రెండు ఆకులు తెప్పించి ఇచ్చాడు.

ఆ రోజు పొద్దు గూకేదాకా, మర్నాడు మధ్యాహ్నం దాకా పని చేశారు. ఆడపిల్లలు గదుల్లో గడియలేసుకుని పడుకున్నారు. ఎగ్జిబిషన్ చూసింది ఒక్క సాయంత్రమే. అయినా రంగులరాట్నం పైకి పోయినప్పుడు పట్నం మొత్తం కనబడిందని పిల్లలు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. యల్లయ్య పోలేదు. ఎందుకు పోలేదని మేనేజరు అడిగితే, మంద కాడ ఒకరుండాల గదయ్యా అన్నాడు.

తిరుగు రైల్లో మగపిల్లలు చుట్టూ చేరారు. "మామా, ఈ సంగతి పల్లెలో ఎవురం చెప్పం. నువ్వూ చెప్పమాక." ప్రేమతోనే అన్నారు. కానీ యల్లయ్యకు ఒక ముడి ఊడితే ఇంకోటి పడినట్టుంది.

ఇంటి ముందు రమణమ్మ, మల్లయ్య కాచుకుని ఉన్నారు. రమణమ్మ కన్ను ముందు కర్ర మీద పడింది.

"ఏందయ్యా ఈ సున్నం?"

సుబ్బులు ఏదో చెప్పబోయింది. యల్లయ్య చెయ్యి అడ్డం పెట్టి, తానే చెప్పాడు. తిరిగి రాని ఆకు, తొమ్మిది రోజుల అబద్ధం, గేటు ముందు నిలబడిన పిల్లలు, ఒక్కటీ దాచలేదు.

మల్లయ్య తొడ చరిచాడు. "చెప్పలా అక్కా! తావు లేని కాడికి ఆడపిల్లల్ని తోలుకపోయినాడు బావ. ఇంగా చదువంట, హాస్టలంట!"

రమణమ్మ కూతురి రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. సున్నానికి అరచేతులు పగిలి ఎర్రబడ్డాయి.

"సత్రమాయన్ను ఎవురడిగినారు?"

"నేనే అడిగినా అమ్మా."

రమణమ్మ లోపలికి పోయి ఆముదం గిన్నె తెచ్చి, ఆ చేతులకు రాస్తూ తమ్ముడితో అన్నది. "తావు పోగొట్టింది మీ బావ. సంపాయించింది నా కూతురు. ఇంగ నన్ను దేనికి భయపడమంటావురా?"

యల్లయ్యను ఆ తర్వాత నాలుగు రోజులు తిట్టినవాళ్లు తిట్టారు. ఆయన పడ్డాడు. మనుషులకు తావు చూడమని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఎండలు తగ్గాక కర్నూలు హాస్టల్లో సుబ్బులును దించడానికి ఆయనే పోయాడు. వార్డెను ప్రేమకుమారి కాగితం రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది. దాన్ని తలపాగాలో దోపుకుని, దండం పెట్టి, గేటు దాటి చాలా దూరం వచ్చాడు. వెనకనుంచి పరుగెత్తుతున్న చప్పుడు. సుబ్బులు. చేతిలో ఆయన కర్ర. హాస్టలు వసారా మూలన ఎప్పుడు ఆనించాడో ఆయనకే తెలియదు. నడిమి దాకా ఆ తెలుపు ఇంకా పోలేదు.

"తీసుకపో నాయనా" అన్నది సుబ్బులు, రొప్పుతూ. "దావలో కుక్కలుంటాయి."