అత్తయ్య చెవిలో చెప్పిన అబద్ధం

జూన్‌లో ఒక ఆదివారం సిడ్నీ శివారు టూంగాబీలో మా అత్తగారింటి పెరట్లో ఆవిడా నేనూ బట్టలు ఆరేస్తున్నాం. దుప్పటి రెండో కొస ఆవిడ పట్టుకున్నారు. చలికాలపు ఎండ ఏటవాలుగా ఆవిడ ముఖం మీద పడింది. కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. ఏమైందని అడిగితే నెలరోజులుగా ఒళ్ళు దురద, ఆకలి లేదు, స్కర్టు జారిపోతుంటే పిన్నీసు పెట్టుకుంటున్నానన్నారు. మాకు చెప్పలేదేమంటే, దురదకి కూడా డాక్టరెందుకన్నారు.

మా అత్తగారి పేరు హెల్గా. జర్మన్. ఇరవై ఒక్క ఏళ్ళకి, పెళ్ళైన మూడో వారంలో మామగారితో ఓడెక్కి సిడ్నీ వచ్చారు. యుద్ధం జనం మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. పక్కింటివాళ్ళు ఏడేళ్ళపాటు పలకరించలేదట. బిస్కెట్ ఫ్యాక్టరీలో యంత్రాల పక్కన ఇరవై మూడేళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నారు. మామగారు పోయాక పదహారేళ్ళు ఒంటరిగా ఆ ఇల్లు నడిపారు. ఒక్కడే కొడుకు, మా ఆయన పీటర్. అతను నన్ను చేసుకుంటానన్నప్పుడు ఒంగోలులో మా ఇంట్లో ఏడుపులు, పెడబొబ్బలు. ఆవిడ మాత్రం వంట ఎవరు చేస్తారని ఒక్క ప్రశ్న అడిగి, పీటరే అని తెలిసి నా మీద జాలిపడ్డారు. పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాలేదు. అత్తయ్యా అన్నాను. చివరికి నా పుట్టినరోజు కార్డుల మీద ఆవిడే అలా సంతకం చేసేవారు.

జర్మనీలో ఆవిడకి గెర్డా అని ఒక చెల్లెలు ఉంది. వాళ్ళమ్మ పోయేనాటికి పీటర్ నెలల పిల్లవాడు, అత్తయ్య వెళ్ళలేకపోయారు. తల్లికి ఒక్కతే చాకిరీ చేసిన గెర్డా, నువ్వు పువ్వులు పంపావు, నేను పక్కగుడ్డలు ఉతికాను అని ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఏడాదికొక క్రిస్మస్ కార్డు, అంతే. ఆ సెప్టెంబరులో వెళ్ళి చెల్లెలి ఎదురుగా కూర్చుని ఒక మాట చెప్పాలని అత్తయ్య అనుకున్నారు. అదేమిటో మాకెవరికీ చెప్పలేదు.

ఫ్యామిలీ డాక్టరు బ్లడ్ టెస్ట్ చూసి ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్ళమన్నారు. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్, తర్వాత ఈఆర్‌సీపీ అని గొంతులోంచి గొట్టం దింపి, మూసుకుపోయిన పిత్తనాళం తెరుచుకునేలా స్టెంట్ వేశారు. బయాప్సీ పంపారు. పచ్చకామెర్లని చెప్తే, నేలవుసిరి రసం తాగించమని మా అమ్మ ఫోన్‌లో అంది. సీటీ రిపోర్టులో ఏదో గడ్డ ఉందన్నాక గొంతు మార్చింది.

"ఆమెకి చెప్పబాకే. పెద్దావిడ, బెంగ పెట్టుకుంటది. మీ నాన్నకి చెప్పామా మనం? తిన్నన్నాళ్ళు తిని సుఖంగా పోయాడు."

జూలై రెండో వారంలో వార్డులో డాక్టరు మంచం పక్కకి వచ్చాడు. ముఖానికి మాస్కు ఉంది, పెదాలు చూసి అర్థం చేసుకునే వీల్లేదు. ప్రొసీజర్‌కని తీసిన హియరింగ్ ఎయిడ్స్ డ్రాయరులో ఉన్నాయి. ఆ డ్రాయరు నా చేతికి అందే దూరంలోనే ఉంది. నేను తియ్యలేదు. ఆయన ఆవిడ వైపే తిరిగి చెప్పాడు, ప్యాంక్రియాటిక్ క్యాన్సర్, లివర్‌కి స్ప్రెడ్ అయింది, సర్జరీకి వీల్లేదు అని. "ఎక్కడికైనా ప్రయాణం చెయ్యాలన్నా, ఎవరినైనా కలవాలన్నా ఈ రెండు నెలల్లో చేసుకోండి. స్టెంట్ పనిచేసినంత కాలం మంచి రోజులే ఉంటాయి," అన్నాడు. అత్తయ్య నా వైపు చూశారు. ఎప్పుడూ ఆవిడ చెవి దగ్గర గట్టిగా తిరిగి చెప్పేది నేనే.

చిన్న క్యాన్సర్, ముందుగానే దొరికింది, కీమోతో కరిగిపోతుందట అని చెప్పాను.

సెప్టెంబరు సంగతేమిటని అడిగారు. ముందు ట్రీట్‌మెంట్ కానివ్వండి, తర్వాత హాయిగా వెళ్ళొచ్చన్నాను. ఆవిడ తలూపారు. ఎవరైనా పని పూర్తిచేసి కదలమంటే ఆవిడకి నచ్చుతుంది.

కారిడార్‌లో పీటర్ గోడకి తిరిగి ఏడుస్తున్నాడు. పెద్దవాళ్ళని చూసుకోవడం మీవాళ్ళకి తెలుసు, నువ్వన్నట్టే చేద్దాం అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నిజంగానే గర్వంగా అనిపించింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఒక్క అబద్ధంతో ఒక ప్రాణానికి నెమ్మది ఇస్తే తప్పేమిటనుకున్నాను.

ఆంకాలజిస్ట్ నన్ను విడిగా అడిగింది, ఇది క్యూర్ కాదని ఆమెకి తెలుసు కదా అని. తెలుసన్నాను. అత్తయ్య కన్సెంట్ ఫారం మీద కుదురైన అక్షరాలతో సంతకం చేశారు. జెమ్‌సైటబిన్ అనే కీమో మందు మొదలైంది. గురువారాలు కీమో, శుక్రవారం నుంచి వాంతులు, ఆదివారానికి నోటినిండా పుళ్ళు. అరవై ఏళ్ళుగా తాగుతున్న కాఫీ వాసన కూడా సహించేది కాదు. వంటింటి క్యాలెండరులో ఒక్కో కీమో విడత కొట్టేస్తూ వచ్చారు. నయం కాగానే వస్తానని గెర్డాకి ఉత్తరం రాశారు. దాన్ని పోస్టు చేసింది నేనే.

ఆ మంచి రోజులు ఆస్పత్రి కుర్చీలోనే అయిపోయాయి.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వణుకుతూ జ్వరం వచ్చింది. స్టెంట్ బ్లాక్ అయింది, కొలాంజైటిస్, పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పదకొండు రోజులు వార్డులో ఉంచి పంపేసరికి ఆవిడ వాకర్ లేకుండా అడుగు వెయ్యలేకపోయారు. కొత్త స్కాన్‌లో లివర్ నిండా మచ్చలే. ఇన్ఫెక్షన్ తగ్గితే కాళ్ళకి బలం వస్తుందని చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం ఎక్కడ?

ఆస్పత్రి ఉత్తరాల కాపీలు ఆవిడ పేరు మీదే వచ్చేవి. రోజూ మేముండే క్వేకర్స్ హిల్ నుంచి ఆఫీసుకి వెళ్తూ దారిలో ఆగి, ఆవిడ మెయిల్‌బాక్స్‌లో నుంచి వాటిని నేను తీసేసేదాన్ని. నవంబరులో ఒకరోజు మా అమ్మాయికి ఒంట్లో బాగాలేక ఆగలేకపోయాను. సాయంత్రం వెళ్ళేసరికి అత్తయ్య హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఉత్తరం, భూతద్దం. కొన్ని మాటల కింద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నాయి.

"చదువు," అన్నారు. "గట్టిగా."

చదివాను. మెటాస్టాటిక్. పాలియేటివ్ ఇంటెంట్, అంటే నయం చెయ్యడానికి కాదు, బాధ తగ్గించడానికే. జూలైలో కుటుంబంతో ప్రోగ్నోసిస్, అంటే ఇంకెంత కాలమన్నది, చర్చించడమైనది. ఒక్క మాట మింగినా ఆవిడ వేలు ఆ గీత మీదే ఆగేది, నేను మళ్ళీ చదవాల్సి వచ్చేది.

"జూలైలో నేను విమానం ఎక్కగలిగేదాన్ని," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. మీ మంచికే చేశానన్నాను. మా నాన్న సంగతి చెప్పాను, మేం చెప్పకపోబట్టే ఆయన ప్రశాంతంగా పోయాడని. ఆవిడ చివరిదాకా విన్నారు.

"మీ నాన్నకి తెలుసు," అన్నారు. "మీకోసం తెలియనట్టు ఉన్నాడు. నాకంత మంచితనం లేదు, సుజా."

మర్నాడే విమానం సంగతి కదిపాం. ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ మీద సంతకం పెట్టలేనని డాక్టరు చెప్పేశాడు. వీడియో కాల్ పెట్టాం. గెర్డా ఉంటున్న వృద్ధుల కేర్ హోమ్‌లో ఒకమ్మాయి ఆవిడ ముందు టాబ్లెట్ స్క్రీన్ పట్టుకుంది. చెవులు వినబడని అక్కచెల్లెళ్ళిద్దరూ జర్మన్‌లో పేర్లు, వాతావరణం అరుచుకున్నారు. పది నిమిషాలకి గెర్డా అలసిపోయింది. అత్తయ్య చెప్పాలనుకున్న మాట అలా అరిచి చెప్పేది కాదనుకుంటాను.

ఆ తర్వాత ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గ్లాసు నీళ్ళిచ్చినా, దిండు సర్దినా థాంక్యూ అనేవారు, నర్సుతో అన్నట్టు. డాక్టరు వస్తే నన్ను బయట ఉండమని, ఒక నోట్ ప్యాడ్, పెన్ను ఆయన చేతికిచ్చి రాయమనేవారు. ఇంత తేలికైన పని నాకెందుకు తోచలేదని ఆ తలుపు బయట నిలబడి ఎన్నిసార్లనుకున్నానో. డిసెంబరులో పాలియేటివ్ వార్డులో పోయారు. పీటర్ చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

గెర్డాకి నేనే ఫోన్ చేశాను. కేర్ హోమ్ అమ్మాయి నా మాటలు ఆవిడకి చెప్పి, ఆవిడ మాటలు ఇంగ్లీషులో నాకు చెప్పింది.

"క్యాన్సర్ చిన్నదే, నయం కాగానే వస్తానని అక్క రాసింది కదా, అందుకే ఎదురు చూశాను అంటోంది. అంత జబ్బని తెలిస్తే ఆగస్టులో మా అబ్బాయి నన్ను అక్కడికి తీసుకొచ్చేవాడు, అప్పటికి నా కాళ్ళు బాగానే ఉన్నాయి అంటోంది."

అక్కడి నుంచి ఇక్కడికి రావచ్చన్న ఆలోచన మా ఎవరికీ తట్టలేదు. తట్టినా ఏమని పిలిచేవాళ్ళం? చిన్న జబ్బుకి అంత దూరం నుంచి ఎవరొస్తారు?

ఏడు నెలలైంది. టూంగాబీ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళుంటున్నారు. పీటర్ నన్ను ఒక్క మాట అనలేదు, తనూ తలూపాడు కాబట్టి. అయితే ఇద్దరం మునుపటిలా మాట్లాడుకోవడం లేదు. పాపం నీదేం తప్పే, అంతా మంచికే చేశావని అమ్మ ఫోన్‌లో అంటుంది. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. రిపోర్టు రాకముందే, మనిషి ఇంకా మంచం మీద కూర్చుని మాట్లాడుతుండగానే అడగండి, నీకు ఎంతవరకు తెలియాలని ఉంది అని. వినబడకపోతే కాగితం మీద రాసి చూపించండి. వద్దంటే అది వాళ్ళ ఇష్టం. నేను అత్తయ్యని అడగనే లేదు.