నీరటి తాత ఏలుబడి

మా ఊరి నీరటి తాత పోయాడని మొన్న పొద్దున బడికి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. చెరువు తూము తిప్పి, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషి ఆయన. తూము తిప్పే ఇనుప పిడి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చేతిలోనే ఉంది. ఎవరెదురైనా “తిన్నవా” అనేవాడు కాదు, “తడిసిందా” అనేవాడు.

నేను తెలుగు పంతులుని. మాటల అర్థాలు తవ్వడం నా పిచ్చి. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒకరోజు పాఠంలో ‘ఏలుబడి’ అనే మాట వచ్చింది. రాజ్యాధికారం, ఆజ్ఞ, అదుపు అని బోర్డు మీద రాశాను గానీ నాకే తృప్తి కలగలేదు. దారిలో కనబడిన తాతను అడిగాను.

“సదువుకున్నోనివి నువ్వా, నేనా సారూ?” అని నవ్వాడు.

ఆ యాసంగి పంటకు చెరువు సగం కూడా నిండలేదు. చివరి మడి తడిశాకే మొదటి మడికి నీళ్లన్నది తాత కట్టడి. మా పొలం కాలువ మొదట్లో ఉంది, వరి పొట్టకొచ్చి ఎండుతోంది. ఇంట్లో మా బాపు పోరు పడలేక, మా వంతు రాకముందే ఒక్క గంట నీళ్లు వదలమని అడగడానికి వెళ్లాను. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి, కాదంటాడా అని నా ధీమా.

ఆయన కోప్పడలేదు. పిడి నా చేతిలో పెట్టాడు. “నువ్వే తిప్పు. గని ముందుగాల గా చివరి మడిదాంక పోయిరా.”

వెళ్లాను. నెర్రెలు బారిన మడి ఒడ్డున ఒక అవ్వ కూర్చుని ఉంది. “నీళ్లొస్తున్నయా బిడ్డా?” అంది. వస్తాయన్నాను. తిరిగొచ్చేసరికి తూము పక్కనే ఉన్న తాత మడి కంటబడింది. అందులో వరి లేదు, అంతా ఎండుగడ్డి.

“గిదేంది తాతా, పిడి నీ చేతులనే ఉండె గదా!”

“అందుకే బిడ్డా. నాది పచ్చగుంటే నా మాట ఎవడింటడు?”

సిగ్గేసింది. పిడి ఇచ్చేశాను. మావి రెండు మడులు ఎండిపోయాయి, బాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. బోర్డు మీది అర్థం తుడిచేశాను గానీ, దాని చోట ఏం రాయాలో తోచలేదు. నన్ను తిట్టి పంపకుండా నడిపించినందుకు ఆయన పట్ల ఇప్పటికీ కృతజ్ఞతే.

ఈసారీ చెరువులో నీళ్లు తక్కువే. మూడోనాడు తాత పేరున పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, కొత్త మనిషి దొరికేదాకా చూడమని పెద్దమనుషులు పిడి నాకిచ్చారు. బాపు మా పొలం వైపు ఒకసారి చూశాడు. తూముకు కుడివైపు వెళ్లాలి. నేను పిడి భుజాన వేసుకుని ఎడమకు, కాలువ చివరికి నడిచాను. ఆఖరి మడి ఒడ్డున ఎవరో లేచి నిలబడ్డారు.

“తడిసిందా?” అని దూరం నుంచే అడిగాను.