కాలరు మీది పసుపు

ఇంటర్వ్యూకి ఏం తొడుక్కోవాలో మా ఇంట్లో అందరికీ తెలుసు, పోవాల్సిన నాకు తప్ప. తెల్ల చొక్కా, నీలం ప్యాంటు అని అక్క తీర్మానించి, ఆర్.ఎస్. పురం బజారుకు తీసుకుపోయి కొనిపెట్టింది. బట్టల అద్దకం చదివి పట్టా పుచ్చుకున్న నాకు అది మూడో ఇంటర్వ్యూ. అదీ తప్పితే మామ పంపుసెట్ల అంగడిలో కూర్చోవాలని అప్పటికే ఇంట్లో మాట అయిపోయింది. మామ మంచివాడే. కానీ అక్కడ కూర్చుంటే నా చదువు గంగలో కలిసినట్టే.

పొద్దున్న బయలుదేరుతుంటే అవ్వ వేలికి పసుపు రాసుకుని వచ్చింది.

"వద్దవ్వా, తెల్ల చొక్కా!"

"కొత్త గుడ్డకు పసుపు పెట్టకుండా ఎట్లరా తొడుక్కునేది? లోపలతట్టే పెడతా. వేలై కండిప్పా దొరుకుతాది, పో కన్నూ." తమిళ ఊళ్ళో ఉండే మాకు ఉద్యోగమంటే వేలై, తప్పకుండా అంటే కండిప్పా.

లోపలే పెట్టాననుకుంది పాపం. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు.

మా పోదనూరు నుంచి రెండు బస్సులు మారి, సూలూరు అవతల ఉన్న అద్దకం మిల్లు చేరాను. అక్కడి బాత్‌రూమ్ అద్దంలో చూసుకుంటే కాలరు కొనమీద ఇంత పసుపు బొట్టు. గాభరాలో సబ్బు బిళ్ళ తీసుకుని రుద్దాను. అంతే, పసుపు కాస్తా ఎర్రబడి అచ్చం నెత్తురు మరకలా అయింది. సబ్బులో క్షారం ఉంటుందని, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాలుగేళ్ళు చదివినవాణ్ణి! చదవేస్తే ఉన్న మతి పోయిందట. నా మీద నాకే ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే నా పేరు పిలిచారు.

లోపల ముగ్గురున్నారు. నడుమ కూర్చున్న పెద్దావిడ సర్టిఫికెట్లు చూడలేదు, కాలరు చూశారు.

"ఏమైంది తంబీ, దెబ్బ తగిలిందా?" అని తమిళంలో అడిగారు.

ఏదైనా అబద్ధం ఆడదామంటే ఒక్కటీ తోచలేదు. అవ్వ సంగతీ, సబ్బు సంగతీ దాచకుండా చెప్పేశాను. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మళ్ళీ పసుపుగా చేయగలవా?"

"నిమ్మరసం పిండితే అవుతుంది మేడమ్."

"అసలు పోవాలంటే?"

"ఉతికి ఎండలో ఆరేయాలి. పసుపు ఎండకు నిలవదు."

ఏ రంగు ఎండకు నిలుస్తుంది, ఏది చెమటకు దిగుతుంది అంటూ అరగంట అడిగారు. మొదటి రెండు ఇంటర్వ్యూల్లో నోరు పెగలని నేను ఆపకుండా మాట్లాడాను. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబోలు, భయం పోయింది. చివరికి ఆవిడ, "సోమవారం చేరగలవా?" అన్నారు.

గేటు బయట నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. "వేలై దొరికిందమ్మా" అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

'ఇప్పుడేం చేస్తున్నావురా' అని ఎవరైనా అడుగుతారని ఏడాదిగా నేను పెళ్ళిళ్ళకే పోలేదు. ఆ రోజు బస్సులో మాత్రం ఎవరైనా అడిగితే బాగుండునని అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. ఆఖరికి టికెట్టు ఎక్కడికని అడిగిన కండక్టరుకు, వేలై దొరికిందని నేనే చెప్పేశాను.